ఆకాశంలో గంగాళం

సోమవారం. ఆదోని స్థావరం. ఆకాశం తెరిపి.

పై ఆఫీసు వాళ్ళు గంగాళం చరిత్ర రాసి పంపమన్నారు. అర పేజీ చాలంట. ఈ నెలాఖరుకు దాన్ని కొలువు నుంచి తప్పిస్తారట. తర్వాత రెక్కలు కోసేసి, ముక్కు ఒక్కటి మ్యూజియంలో పెడతారట. ఆ ముక్కు పక్కన గోడకు తగిలించడానికి అర పేజీ. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు తరాల వాళ్ళు నడిపిన విమానం అది. మా మేనత్త పెళ్ళి పత్రికే అర పేజీ కన్నా పొడుగ్గా ఉండింది. కాబట్టి నాకు తోచినంత రాస్తాను, కోసుకునేవాళ్ళు కోసుకోనీ.

నా పేరు ఓబుళేశ్వరి. వైమానిక దళంలో అందరికీ ఓబులక్కను. ఎగిరే విమానంలో కూర్చుని, ఎగిరే ఇంకో విమానానికి ఇంధనం పొయ్యడం నా పని. కూర్చుని అనకూడదు, పడుకుని. గంగాళం తోక కింద ఒక గాజు కిటికీ ఉంది, దాని ముందు బోర్లా పడుకుంటాను. ఆకలిమీదున్న విమానం వెనకనుంచి కాస్త కిందుగా వచ్చి ఆగుతుంది. చూసేవాళ్ళకు ఆగినట్టే ఉంటుంది గానీ ఇద్దరమూ గాలిని చీల్చుకుంటూ పోతూనే ఉంటాం. నేను పొడవాటి గొట్టాన్ని మెల్లగా దించి, దాని నెత్తిమీద రంధ్రంలో దూరుస్తాను. ఆ గొట్టాన్ని మేం గరిటె అంటాం. పని పేరు వడ్డన. వరసలో వచ్చే విమానాలన్నీ కలిపి బంతి. గంగాళానికి కాగితాల మీద ఏదో అంకె ఉంది, దాన్ని పలికినవాళ్ళను నేను చూడలేదు. పెళ్ళి వంటశాలలో అన్నిటికన్నా పెద్ద పాత్ర ఏదో అదే దీని పేరు.

పుట్టుకతో ఇది సైన్యానిది కాదు, ప్రయాణికుల విమానం. సీట్లు బిగించిన మరల గుంతలు నేలమీద ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. ఎంతమంది కొత్త దంపతులను, ఎంతమంది హజ్ యాత్రికులను, పరీక్ష రాయబోయే ఎంతమంది పిల్లలను మోసిందో. వయసు మళ్ళాక సైన్యం కొన్నది. ముసలి గుర్రాన్ని కొన్నారని అప్పట్లో నవ్వారట. సీట్లు పీకి, కడుపులో ట్యాంకులు దించి, తోకకు గరిటె తగిలించారు. నవ్విన వాళ్ళ కొత్త విమానాలన్నీ ఎప్పుడో పాత ఇనుముకు పోయాయి. ఇది మాత్రం ఈరోజు పొద్దున కూడా ఎగిరొచ్చింది.

మంగళవారం. పల్చటి మబ్బు.

కొండల యుద్ధం సంగతి రాయకపోతే గంగాళానికి అన్యాయం చేసినదాన్నవుతాను. మంచుకొండల మీద ఒక యుద్ధ విమానానికి ట్యాంకు చిల్లుపడింది. పోసింది పోసినట్టు కారిపోతోంది. దూకెయ్యమంటే కింద శత్రువుల నేల. అప్పుడు గంగాళం కెప్టెన్ ఒకావిడ. ఆమె గరిటె తియ్యనివ్వలేదు. పోస్తూనే ఉండండి అన్నదట. పిల్లాడికి పాలిస్తూ నడిచే తల్లిలాగా, దాన్ని అలాగే వెంటబెట్టుకుని మన రన్‌వే దాకా తెచ్చి వదిలింది. అడవులు తగలబడిన ఏడు ఇదే విమానం ఇంధనం బదులు నీళ్ళు మోసింది. ఇంజన్లు మార్చారు, రెక్కల రేకు మార్చారు, మార్చనిది దాని మొండితనం ఒక్కటే. నేను ఎక్కిన ప్రతిసారీ దాన్ని చూసి ఛాతీ ఉప్పొంగుతుంది, సిగ్గేమీ లేదు చెప్పడానికి.

సముద్రం పైకొచ్చి కోస్తా రన్‌వేలన్నీ మునిగిపోయాక దీని విలువ తెలిసింది. తీరంలో ఊళ్ళు ఇప్పుడు తెప్పల మీద తేలుతున్నాయి. తుపాను కాపలా విమానాలు ఇక్కడ ఆదోనిలో లేచి, అంత దూరం పోయి, ఆ ఊళ్ళమీద చక్కర్లు కొట్టాలి, బియ్యం వెయ్యాలి, మందులు వెయ్యాలి. మధ్యలో దిగే చోటు లేదు. మేం పోస్తేనే వాళ్ళు తిరిగి ఇల్లు చేరేది.

మా కెప్టెన్ హుస్సేన్ పీరా సార్. ఆయన ఉద్యోగమంతా గంగాళంలోనే గడిచింది. మాటలు తక్కువ. విమానంలో మేం ఇద్దరమే. ముక్కు దగ్గర ఆయన, తోక దగ్గర నేను. ఈ ఏడాది మూడోవాడు చేరాడు. వాడు మనిషి కాదు, లెక్కలు చూసే యంత్రం. రేడియోలో పైలట్ల మాటలు విని, ఎవరికి ఎంత పొయ్యాలో, ఎంత దాచాలో వాడే తేలుస్తాడు. వాడు సరేననకపోతే ట్యాంకు మూత తెరుచుకోదు. మనిషి చేతికి పొరపాటు వస్తుందని నా పాత మీట పీకేశారు. వాడికి పంతులు అని పేరు పెట్టాను.

బుధవారం. సముద్రం మీద గాలి మొదలైంది.

ఈరోజు నా నోరు ఊరుకోలేదు. బంతిలో చివరిది సువార్త విమానం. చీరాల పిల్ల, నీళ్ళమీదా నేలమీదా దిగగలిగే పెద్ద విమానం నడుపుతుంది. ఆమె వచ్చి గరిటె కింద నిలిచేసరికి పంతులు, నిల్వ లేదు, అన్నాడు. ట్యాంకులో ఇంకా సగం ఉందని ముల్లు చెబుతోంది. ఎంత అరిచినా వాడు మూత తెరవలేదు. ఆ పిల్ల కొత్త చీరాల అనే తేలే ఊరి తెప్పలకు వెయ్యాల్సిన బియ్యం వెయ్యకుండానే వెనక్కి తిరిగింది. మేం ఆ మిగిలినదంతా మోసుకుని దిగితే ఆ బరువుకు టైరు పగిలింది.

ఇలా కావడం మొదటిసారి కాదు. పంతులు వచ్చినప్పటినుంచీ సగం ఇంధనంతోనే దిగుతున్నాం. పై ఆఫీసు వాళ్ళు అది చూసే, గంగాళం వాడకం తగ్గింది, ఇక అవసరం లేదు, అని తేల్చారు. బంతిలో జనం ఆకలితో లేచిపోతుంటే గిన్నె నిండుగా ఉంది కాబట్టి ఎవరికీ ఆకలి లేదన్నట్టుంది.

పంతుల్ని బిగించిన ఇంజనీరు పైడిరాజును పిలిపించాను. శ్రీకాకుళం వైపు అబ్బాయి. తిడదామనుకున్నాను గానీ, వచ్చినవాడు తిండి కూడా మానేసి తోక దగ్గర కూర్చుని రికార్డైన రేడియో మాటలన్నీ వింటుంటే తిట్టబుద్ధి కాలేదు. ఒకచోట ఫక్కున నవ్వాడు. తిక్కన్న అని మా పెద్ద పైలట్, వద్దు వద్దు చాలు అంటున్నా పంతులు ఇంకో నాలుగు గరిటెలు పోశాడు. పాత వడ్డనలన్నీ విని వీడు మాటలు నేర్చాడట. మనవాళ్ళు వద్దంటూనే తాగడం చూసి, వద్దంటే మొహమాటం అని రాసుకున్నాడు.

గురువారం. గాలి పెరిగింది. తుపాను శనివారం వస్తుందంటున్నారు.

దొరికింది. పైడిరాజే పట్టాడు. ట్యాంకులో ఉన్నది ఎవరికోసం దాచావని పంతుల్ని సూటిగా అడిగాడు. వాడు వరసగా చెప్పాడు. తిక్కన్న గారు మళ్ళీ వస్తానన్నారు. వారి వాటా భద్రంగా ఉంది. ఇలా ఐదుగురి పేర్లు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాం. వడ్డన అయ్యి గరిటె తియ్యగానే ప్రతి పైలటూ ఒక మాట అంటాడు. సీమ వాళ్ళైతే పోయొస్తానక్కా అంటారు, కోస్తా వాళ్ళైతే వెళ్ళొస్తానక్కా అంటారు. వీడు అక్షరాలా నమ్మాడు. పోయి, మళ్ళీ వస్తాడట, వస్తే పొయ్యడానికి ఉండాలి కదా. మనిషి మనిషికీ రెండో వాటా దాచిపెట్టాడు. చెవుల్లో పడుతున్నా, ఆ మాటకు అర్థం ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పంతుల్ని సరిదిద్దాలంటే పై ఆఫీసు ఒప్పుకోవాలి, అది సోమవారానికి గానీ రాదు. అందాకా ఆ మాట అనకండని పీరా సార్ పైలట్లందరికీ చెప్పారు. తిక్కన్న ఒప్పుకోలేదు. పోయిన తుపానుకు ఆయన జోడీగా ఎగిరిన గోవిందు, తొందరలో, వస్తానని కలపకుండా, ఉత్త పోతాండా అని గరిటె వదిలాడు. తిరిగి రాలేదు. అప్పటినుంచీ మా రేడియోలో ఉత్త పోతా అనే మాటకు అందరికీ భయం. నాకూ భయమే. పోతా అంటే నేను నా కూతుర్నైనా గుమ్మంలో నిలబెట్టి మళ్ళీ చెప్పిస్తాను. చివరికి, ఏమీ అనకుండా వెళ్ళిపోదామని ఒప్పందం చేసుకున్నారు.

శనివారం. వాన.

నిన్నటిది ఈరోజు రాస్తున్నాను. నిన్న పెన్ను పట్టే స్థితిలో లేను.

తుపాను ఒకరోజు ముందే వచ్చింది. కొత్త చీరాల తెప్పల గొలుసులు తెగాయి. కాపలా విమానాలు ఐదూ పొద్దుటి నుంచి అక్కడే తిరుగుతూ, చెల్లాచెదురైన తెప్పల జాడ సువార్తకు చెబుతూ వచ్చాయి. ఆమె నీళ్ళమీద దిగడం, జనాన్ని ఎక్కించుకోవడం, ఇంకో తెప్ప దగ్గర దిగడం. ఆ అలల మీద దిగడమంటే మామూలు గుండె కాదు.

ఐదుగురూ వరసగా వచ్చి తాగారు. ఒప్పందం ప్రకారం నోరు కట్టేసుకోవాలి. మొదటివాడు గరిటె వదలగానే, పోయొస్తానక్కా, అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. మిగతా నలుగురూ అంతే. నేను తిట్టలేకపోయాను, ఎందుకంటే ప్రతిసారీ నేను కూడా, పోయిరా నాయనా, అన్నాను. ఆ గాలిలో ఎవరు ఊరుకోగలరు.

ఐదూ ఆదోని దారి పట్టాయి. తర్వాత సువార్త వచ్చింది. గాలికి ఆమె విమానం జల్లెడలో గింజలా ఎగురుతోంది. గరిటె దూర్చడానికి నాకు చెమటలు పట్టాయి. ఎలాగో దూరింది. పంతులు మూత తెరవలేదు.

"నిల్వ లేదు. ఉన్నది ఐదుగురి వాటాలు, గంగాళం తిరుగు ప్రయాణానికి ఒక వాటా."

"అక్కా, నాకు ఎర్ర దీపం వెలిగిందక్కా," అంది సువార్త. గొంతు నిదానంగానే ఉంది. "తొంభై మంది ఉన్నారు నా వెనకాల. పిల్లలు శానామంది."

ఆ మాట ఐదుగురు పైలట్లూ విన్నారు. నా వాటా నాకొద్దు, ఆ పాపకు పొయ్యండి, అని తిక్కన్న అరిచాడు. మొహమాటం గుర్తించాను, వాటా అలాగే ఉంచాను, అన్నాడు పంతులు. ఐదుగురూ వద్దన్నారు, బతిమాలారు, బూతులు తిట్టారు. వాడికి అంతా మొహమాటమే. కింద స్థావరం నుంచి పైడిరాజు రేడియోలో అందుకున్నాడు. 

"అక్కా, ఆళ్ళు ఇంక రామని సెప్పాల. ఎవుడి మాట ఆడే సెప్పాల. నాకు ఇంకో దారి కనబడట్లేదక్కా."

 తుపానులో ఎగురుతున్న ఐదుగురిని, నేను పోతున్నాను, మళ్ళీ రాను, అని నోటితో అనమని అడగాలి. అడగాల్సింది నేను.  పాపిష్టి పని అనిపించింది, కానీ గాజులోంచి చూస్తే ఆ పిల్ల విమానం కిటికీల్లో మొహాలు కనిపిస్తున్నాయి. అడిగేశాను.

"ఓబులక్కా, నువ్వు చెవులు మూసుకోమ్మా," అన్నాడు తిక్కన్న.  "పంతులూ, ఇను. తిక్కన్న పోతాండాడు. మళ్ల రాడు."

"తిక్కన్న గారు ఇక రారు. వాటా వదిలాను."

యంత్రం ఆ మాట ఎంత మామూలుగా అనేసిందో. మూత తెరుచుకుంది. ఇంధనం గరిటెలోంచి దిగుతున్న అదురు నా అరచేతికి తగిలింది. తర్వాత రెండోవాడు అన్నాడు. మూడోవాడు ముందు వాళ్ళమ్మను తలుచుకుని అన్నాడు. నాలుగో అమ్మాయి ఏడుస్తూ, వెళ్ళిపోతున్నా, రాను, అంది. ఐదోవాడు గబగబా చెప్పి థూ థూ అని ఊశాడు. వాళ్ళు మాట ఇచ్చినట్టు కాదు, ప్రాణం తీసి బల్లమీద పెట్టినట్టే అనిపించింది నాకు.

ఐదు వాటాలూ పోసేశాం. సువార్త లెక్క చూసుకుంది. ఎదురుగాలి. నల్లమల దాకా వస్తానక్కా, దాటలేను, అంది. కొండల మీద దిగడానికి నీళ్ళూ లేవు, నేలా లేదు.

మిగిలింది గంగాళం ఇంటికి పోవడానికి దాచుకున్నది. ముక్కు దగ్గర పీరా సార్ పటం చూస్తున్నారని తర్వాత తెలిసింది. పొదిలి దగ్గర పాత రహదారి ఒకటుంది. ఎప్పుడో యుద్ధం రోజుల్లో విమానాలు దిగేటట్టు వెడల్పు చేశారు. గుంతలు పడ్డ ఆ రోడ్డు మీద తొంభై మందితో సువార్తను దిగమనలేం, మేమిద్దరమే ఉన్న గంగాళం దిగితే దిగవచ్చు. మళ్ళీ లేవడానికి మాత్రం ఆ రోడ్డు చాలదు. దిగితే అక్కడే.

"ఓబులా," అన్నారు. "నీకు సమ్మతమేనా?"

నన్ను అడగాల్సిన పనేముంది సార్, దాన్నడగండి, అన్నాను. నవ్వబోయాను గానీ ఏడుపొచ్చింది. ఆయన పంతులుతో అన్నారు.

"గంగాళం పోతాంది. ఇంటికి రాదు."

పంతులు మొదటిసారి తటపటాయించాడు. నిజమేనా అని మళ్ళీ అడిగాడు. ఆయన మళ్ళీ చెప్పారు.  నేను గట్టిగానే ఏడ్చాను, గరిటె మాత్రం కదలనివ్వలేదు. రోడ్డు దాకా పోవడానికి సరిపడా ఉంచుకుని మిగతాదంతా పోశాం. తొంభై మందికీ, వాళ్ళ మూటలకూ, ఆ పిల్ల ధైర్యానికీ సరిపోయేంత పోశాం. గరిటె తీస్తుంటే సువార్త ఏదో అనబోయింది. ఏమీ అనొద్దు, పో తల్లీ, అన్నాను. మబ్బుల్లో కలిసిపోయింది.

ఇక గంగాళం సంగతి. వానలో, పక్కగాలిలో, కడుపులో చుక్క లేకుండా ఆ ముసలిది ఎలా దిగిందో చూడాలి. ఒక ఇంజను దారిలోనే ఆగిపోయింది. రెండోది రోడ్డు కనిపించేదాకా తిరిగింది. పీరా సార్ దాన్ని చెయ్యి పట్టుకుని మెట్లు దింపినట్టు దింపారు. కుడి రెక్క చివర ఒక తుమ్మచెట్టుకు తగిలి చీరుకుపోయింది. టైర్లన్నీ పోయాయి. అయినా ఒక్క గుంతలో పడకుండా, పక్కకు ఒరగకుండా, రోడ్డు మధ్యగీత మీద నిలబడింది. ఎన్నో కొత్త విమానాలను చూశాను. ఆ పని చెయ్యగలిగింది ఒక్కటి చూపించండి.

రేడియో కలిసేదాకా మేమిద్దరం సీట్లు వదల్లేదు. పైడిరాజు గొంతు వినిపించింది. సువార్త ఆదోనిలో దిగింది. తొంభై మందీ దిగారు. ఒక ముసలామె తన కోడిని కూడా దింపుకుందట. ఐదుగురు పైలట్లూ క్షేమం. తిక్కన్న దిగీ దిగగానే కుళాయి దగ్గరకు పరుగెత్తి నోరు పుక్కిలించుకున్నాడట. పీరా సార్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆయన పెదాలు కదులుతున్నాయి. నేను అటువైపు చూడలేదు.

తలుపు తీసి తాడు నిచ్చెన దించేసరికి రోడ్డు మీద ఒక గొర్రెల కాపరి నిలబడి ఉన్నాడు. నెత్తిన గొంగళి, వెనక తడిసిన మంద. విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా, తోక నుంచి ముక్కు దాకా చూశాడు. మేం దిగాక, ఇంకెవరన్నా దిగుతారేమోనని తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ దిగలేదు.

"ఇంత పెద్దదాంట్లో ఇద్దరేనా వచ్చింది?" అన్నాడు.

పీరా సార్ వానకు మొహం తుడుచుకున్నారు.

"లేదు పెద్దాయనా," అన్నారు. "మిగతా తొంభై మంది ఆదోనిలో దిగినారు."